వగరు, వన్నె, వ్రాత

భాషలో కొన్ని మాటలు వస్తువు రూపమును చూచి పుట్టును. కొన్ని ఆ వస్తువు చేయు పనిని చూచి పుట్టును. రూపమును చూచి పుట్టిన మాట ఒక్కొక్కసారి పొరపడును. పనిని చూచి పుట్టిన మాట అంత సులభముగ పొరపడదు. చెట్లమీద లేచెడి బుడిపెలకు మనవారు పెట్టిన పేర్లను వరుసగ పరిశీలించినచో ఈ భేదము స్పష్టమగును. వరిదుబ్బులో మొవ్వు తెల్లని గొట్టమై ఉల్లికాడవలె పైకి వచ్చినచో రైతు దానిని ఉల్లికోడు అనును. కరకచెట్టు లేతాకుల మీద లేచు బోలు బుడిపెలను అద్దకపుపనివారు కరక్కాయపువ్వు అనిరి. అల్దికాయ అనియు వ్యవహరించిరి. పడమటి దేశములనుండి ఓడలలో దిగిన గుండ్రని గట్టి సరకు పచారీకొట్లలో మాచికాయ యైనది. హిమాలయపు వాయవ్యభాగమునుండి వచ్చిన వంకర సరకును వైద్యులు కర్కటశృంగి అనిరి. ఉల్లికోడు ఉల్లి కాదు. కరక్కాయపువ్వు పువ్వు కాదు. మాచికాయ కాయ కాదు. కర్కటశృంగి పీతకొమ్మును కాదు. ఈ నాలుగును ఒకే జాతి వస్తువులు.

ఈ వస్తువు ఎట్లు పుట్టునో మొదట చెప్పవలెను. ఒక చిన్న కీటకము లేతాకునందో, మొగ్గయందో, కొమ్మయందో గ్రుడ్డు పెట్టును. కొన్నిచోట్ల కందిరీగ జాతిది, కొన్నిచోట్ల దోమవంటిది, కొన్నిచోట్ల పేనుబంక జాతిది, మరికొన్నిచోట్ల కంటికి ఆనని నల్లి ఈ పని చేయును. ఆ ప్రాణి విడుచు ద్రవ్యముల ప్రేరణచే చెట్టు తన కణములను తనకు అక్కరలేని తీరున పెంచును. ఇల్లు కట్టునది చెట్టు, కాపురముండునది పురుగు. లోపలి పొర మెత్తనై పురుగునకు ఆహారమగును. వెలుపలి పొర గట్టిపడి వగరుతో నిండును. ఆ వగరు ద్రవ్యమునే రసాయన శాస్త్రజ్ఞులు టానిన్ అందురు. మేలిరకపు మాచికాయలో బరువున సగమునకు పైగా టానినే యుండును. పురుగు తొలుచుకొని బయటపడిన పిదప ఆ సారము తగ్గును. కనుకనే వర్తకులు రంధ్రము లేని నీలిఛాయ సరకునకు ఎక్కువ వెల కట్టిరి. రంధ్రముగల తెల్లసరకునకు తక్కువ వెల కట్టిరి. పురుగు జన్మవృత్తాంతమును ఎరుగని వ్యాపారియు ఆ రంధ్రపు విలువను ఎరిగియుండెను.

పండితులు ఆ వృత్తాంతమును తెలిసికొనుటకు చాల కాలము పట్టినది. మాంసమున పురుగు తనంత తాను పుట్టదని 1668లో ప్రయోగపూర్వకముగ నిరూపించిన ఫ్రాంచెస్కో రెడీ వంటి మేధావియు, చెట్టుబుడిపెలోని పురుగును మాత్రము చెట్టు జీవశక్తియే పుట్టించునని తలచెను. 1679లో ఆయన దేశీయుడే యగు మార్చెల్లో మల్పీగీ, పురుగు పెట్టిన గ్రుడ్డే బుడిపెకు మూలమని చూపెను. మన దేశమున ఈ శాఖకు పెద్దదిక్కు ఎం. ఎస్. మణి. ఆయన 1964లో వృక్షముల బుడిపెల జీవనపరిసరములను గూర్చియు, 1973లో ప్రత్యేకముగ భారతదేశపు బుడిపెలను గూర్చియు ఆంగ్లమున ప్రకటించిన గ్రంథములు ప్రపంచమంతటను ప్రమాణములైనవి.

శాస్త్రము ఇట్లు వస్తువు పుట్టుకను శోధించుచుండగా, భాష దాని ప్రయోజనమును మరియొక మార్గమున పట్టుకొన్నది. సంస్కృతమున కషాయమను మాట మూడర్థములను మోయుచున్నది. షడ్రసములలో వగరునకు అది పేరు. వైద్యుడు కాచి వడగట్టిన ద్రవమునకును అదియే పేరు. ఎరుపు చాయగల ఒక వన్నెకును అదియే పేరు. సన్న్యాసి ధరించు కాషాయము దానినుండి వచ్చినదే. నాలుక ఎరిగిన రుచి, కుండలో కాగిన మందు, బట్టకెక్కిన రంగు, ఈ మూడింటిని ఒక్క మాట కలిపినది. ఆ మూడింటి వెనుకను నిలుచు ద్రవ్యమును యూరపు రసాయన శాస్త్రము 18వ శతాబ్దపు చివర విడదీసి టానిన్ అని పేరు పెట్టెను. అది విడదీయుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే భాష వానిని ముడివేసి యుంచినది. చెట్టుబుడిపెల చరిత్రను వ్రాయుట యనగా ఈ ముడిని విప్పి చూచుటయే.

తెలుగుదేశమున ఈ చరిత్రకు కేంద్రము కరకచెట్టు. దాని కాయ కరక్కాయ. అది నిజమైన కాయ. వగరు వస్తువులలో దానికి సాటియైనది మనకు మరియొకటి లేదు. అయితే ఆ చెట్టే మరియొక సరకును కూడ ఇచ్చునని నేడు అందరును ఎరుగరు. దానిని శ్రద్ధతో నమోదు చేసినవాడు విలియం రాక్స్‌బరో. 1751లో స్కాట్లండున జన్మించి, 1776లో మద్రాసున కుంపినీ వైద్యసేవలో చేరిన ఈయన 1781 మొదలు సామర్లకోటయందు ఉండెను. 1789లో పాట్రిక్ రస్సెల్ అనంతరము కర్ణాటక ప్రాంతమునకు కుంపినీ వృక్షశాస్త్రజ్ఞుడయ్యెను. కోరమండల తీరపు మొక్కలను గూర్చి మూడు వందల చిత్రఫలకములతో ఆయన గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగ లండనున వెలువడినది. గ్రంథము పేరు రాక్స్‌బరోది. కుంచె దేశీయ చిత్రకారులది.

కరకచెట్టును వర్ణించుచు రాక్స్‌బరో చెప్పినది ఇది: ఇంకను విచ్చుకొనని లేతాకులను ఒక పురుగు గుచ్చి గ్రుడ్లు పెట్టుననియు, అందువలన రసము స్రవించి ఆ చోట నానావిధములైన ఆకారములతో బోలు బుడిపెలు లేచుననియు, అవి అంగుళమునకు మించి పెరుగుట అరుదనియు, మిక్కిలి వగరుగ నుండుననియు, సిందూరవృక్షపు బుడిపెలతో చేసినంత మంచి సిరా వీనితోను అగుననియు ఆయన వ్రాసెను. కోరమండల తీరమున బట్టలకు చిత్రములు వ్రాయువారికి మేలైనదియు, చిరకాలము నిలుచునదియునైన పసుపువన్నె ఈ బుడిపెలనుండియే లభించుచున్నదని కూడ చెప్పెను. తెలింగులు వీనిని అల్దికాయ అందురని వారి పేరును కూడ చేర్చెను. ఇన్ని విషయములు ఆయన తోటలో కూర్చుండి కనిపెట్టినవి కావు. పురుగును గూర్చి చెప్పినది విన్నమాటగనే ఆయన వ్రాసెను. సిరా, పసుపు, పేరు, ఈ మూడును తీరపు పనివారి జ్ఞానము. ఆ జ్ఞానమునకు లిపి కల్పించినది మాత్రము ఆంగ్లభాష.

ఇచట అనువాదకునికి ఒక చిక్కు ఎదురగును. కలంకారీని గూర్చి ఆంగ్లమున వెలువడిన పుస్తకములలో, పసుపురంగునకు 'మైరొబాలన్ పువ్వు' వాడుదురని తరచుగ కనిపించును. ఆ పుస్తకములనుండి తిరిగి తెలుగులోనికి దించువారు కరకచెట్టు పూవులని వ్రాయుదురు. తమిళమున కడుక్కాయ్‌పూ అనియు, తెలుగున కరక్కాయపువ్వనియు పనివారు వాడిన మాటను రాక్స్‌బరో వర్ణనతో పోల్చి చూచినచో, ఆ పువ్వు వసంతమున పూచి రాలెడి పూవు కాదని తెలియును. అది ఈ బుడిపెయే. పువ్వు అను మాటను అక్షరార్థమున గ్రహించి చెట్టు పూవులను ఏరి కాచినవానికి ఆ పసుపు దొరకదు. రెండవ చిక్కు ఇంతకంటె పెద్దది. దక్షిణదేశపు ఆంగ్లవ్యవహారమున కరక్కాయకే 'గాల్‌నట్' అను పేరు స్థిరపడినది. నిఘంటువు తెరచి ఆ మాటను తెలుగు చేయువాడు, మూలమున మాచికాయ యున్నచోట కరక్కాయ యని వ్రాయును. కరక్కాయ యున్నచోట మాచికాయ యని వ్రాయును. ఒకటి కాయ, ఒకటి పురుగు కట్టించుకొన్న ఇల్లు. వగరు రెండింటను ఉండుటవలననే ఈ భ్రమ కలిగినది.

కరక్కాయ బట్టమీద చేయు పనిని చూచినపుడు ఈ వగరు మహిమ తెలియును. శ్రీకాళహస్తిలోను, మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనలోను నేటికిని ఈ విద్య బ్రతికియున్నది. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. మచిలీపట్టణపు పద్ధతిలో కొయ్య అచ్చులతో అద్దుదురు. గంజి పోవునట్లు ఉతికిన నూలుబట్టను కరక్కాయపొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు వలన వ్రాసిన గీత పాకదు. కరక్కాయలోని వగరు నూలును పట్టి, తరువాత రానున్న రంగునకు ఆసరా కల్పించును. పటిక తాకినచోట చిరువేరు ఎర్రబారును. తాకనిచోట రంగు నిలువక కడిగినపుడు పోవును.

1742లో గాస్తోఁ లొరాఁ కూర్దూ అను ఫ్రెంచి జెసూటు మతాచార్యుడు ఈ పద్ధతిని వివరముగ తన దేశమునకు లేఖ వ్రాసెను. తనవద్ద మతము పుచ్చుకొన్న రంగుపనివారినుండి ఆయన దీనిని తెలిసికొనెను. కరక్కాయ, గేదెపాలు ఆ లేఖలో కలవు. ఈయన తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషల నిఘంటువును కూర్చినవాడుగను, సంస్కృతమునకును యూరపు భాషలకును గల బంధుత్వమును విలియం జోన్సు కంటె ముందే గుర్తించినవాడుగను సాహిత్యకులకు పరిచితుడు. ఫ్రాన్సు ప్రభుత్వము 1686 మొదలు 1759 వరకు ఈ బట్టలను నిషేధించియుండెను. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టములు చేసెను. చట్టము అడ్డగించిన బట్ట రహస్యమును లేఖ దాటించెను. నిఘంటువు కూర్చిన చేయియే రంగు మర్మమును కూడ వ్రాసెననుట గమనింపదగినది. రెండింటికిని మూలము పనివాని నోటిమాటయే.

ఈ అద్దకమున నలుపు వచ్చు తీరు మిక్కిలి విశేషమైనది. తుప్పు పట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి రెండు మూడు వారములు పులియబెట్టుదురు. ఆ ద్రవమును కసిమి అందురు. కరక్కాయ పట్టిన బట్టమీద కసిమిలో ముంచిన కలము తాకగనే గీత నల్లబడును. కరక్కాయ పట్టని బట్టపై ఆ ద్రవము తుప్పుమరకను తప్ప వేరొకదానిని మిగుల్పదు. నలుపు ఇనుములో లేదు; కరక్కాయలోను లేదు. రెండును కలిసినచోట పుట్టును. కావున కలంకారీ చిత్రకారుడు రాముని మూపును, రథపు చక్రమును గీయుచున్నపుడు సిరాతోనే వ్రాయుచున్నాడు. అతని సిరాలో సగము కలమునందును, సగము బట్టయందును ఉన్నది.

ఈ రెండు సగములను ఒకే బుడ్డిలో కలిపినచో పాశ్చాత్యుల సిరా యగును. మాచికాయలను దంచి నీటిలో నానవేసి, అన్నభేది చేర్చి, తుమ్మబంకతో చిక్కన చేయుటయే దాని పద్ధతి. రోమను రచయిత ప్లినీ, మాచికాయ కషాయములో తడిపిన పాపిరసు ముక్క అన్నభేది కల్తీని తాకినచో నల్లబడునని క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే చెప్పెను. నాలుగవ శతాబ్దపు గ్రీకు బైబులు ప్రతి యగు కోడెక్స్ సైనైటికస్ ఈ జాతి సిరాతో వ్రాసినదే. వ్రాసిన క్షణమున గీత లేతగ నుండును. గాలి తగిలినకొలది నల్లబడి కాగితపు నూగులో దిగిపోవును. చాకుతో గీకినను పూర్తిగ పోదు. కనుకనే శాసనములు, ఒప్పందములు, లెక్కల పుస్తకములు, జనన మరణ వివాహ పట్టికలు వ్రాయుటకు యూరపు దీనిని నమ్ముకొనెను. మన కచేరీలలో ఒకనాడు వాడిన నీలినలుపు సిరాయు ఈ వంశమునకే చెందినది. 1786లో స్వీడను రసాయనజ్ఞుడు షీలే మాచికాయనుండి వేరుచేసిన ఆమ్లము నేటికిని గాలిక్ ఆమ్లమను పేరుతో ఆ బుడిపె స్మృతిని మోయుచున్నది.

మన దేశపు సిరా చరిత్ర వేరు. మసి అను మాట దానికి సాక్ష్యము. సంస్కృతమున మసి యనగా సిరా. తెలుగున మసి యనగా దీపపు పొగ కట్టిన నలుపు. మసిబుర్ర అను తెలుగుమాటలో రెండర్థములును కలిసినవి. దీపపు మసిని జిగురుతో నూరిన సిరా ప్రధానముగ మనది. అది ఆకుమీద గాని కాగితముమీద గాని పైపొరగ నిలుచును; దేనిని తినదు. తెలుగు తాళపత్రములలో సిరాతో వ్రాయుటయు లేదు. గంటముతో గీచి, ఆ గీతలలో మసిని రుద్దుదురు. అయినను కరక్కాయను సిరాకు వాడిన ప్రాంతములు మన దేశమున లేకపోలేదు. అస్సాములో సాంచీచెట్టు పట్టమీద వైష్ణవ గ్రంథములు వ్రాసిన సిరాలో కరక్కాయయే ముఖ్యద్రవ్యము; అచట దానిని శిలిఖా అందురు. గుచ్చిన గీతలో మసి, బట్టమీద కసిమి, పట్టమీద కరక్కాయ సిరా, వీనిలో ఏది ఎచట అమరునో ఆయా పనివారు ఎరిగియుండిరి.

ఇందు మనకు కేవలము విద్యావినోదము కాని విషయము ఒకటి కలదు. ఇనుము, వగరు కలిసిన నలుపు తాను నిలిచిన ఆధారమునే క్రమముగ తినును. అందలి ఆమ్లము కాగితపు నూగును విరుగగొట్టును. మిగిలిన ఇనుము ఆ క్షయమును త్వరపరచును. పాతకాగితములలో అక్షరములున్న చోటనే చిల్లులు పడి, చుట్టునున్న ఖాళీ కాగితము చెక్కుచెదరక నిలుచుట ఇందువలననే. వస్తుప్రదర్శనశాలలలోని పాత కోరమండల వస్త్రములయందును ఇదియే జరుగును. ఎర్రని పూవు నిలుచును. దాని చుట్టునున్న నల్లని గీత పొడియై రాలును. చిత్రమునకు ప్రాణమైన రేఖ మొదట పోవును. 1990 దశకమున నెదర్లండ్సు దేశమున ఇనుమును బంధించు ఫైటేటు లవణములతో ఈ క్షయమును అరికట్టు పద్ధతిని కనుగొనిరి. మసిసిరా ప్రతికి ఆ చికిత్స అక్కరలేదు. ఇనుపసిరా ప్రతికి అది లేనిచో ఆయుస్సు లేదు. 19వ శతాబ్దపు పూర్వార్ధమున సి. పి. బ్రౌను పండితులను నియమించి తాళపత్రములనుండి కాగితములకు ఎత్తి వ్రాయించిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున కలవు. అటువంటి ప్రతులను రక్షింపదలచినవారు పాఠమును చదువుటకు ముందు సిరాను చదువవలెను. మన పరిష్కర్తలు పాఠభేదములను గూర్చి వ్రాసినంత శ్రద్ధతో ఏ ప్రతి ఏ సిరాతో వ్రాసినదో పీఠికలలో వ్రాసినచో, ఆ ఒక్క వాక్యము ఒక ప్రతిని బ్రతికింపవచ్చును.

వైద్యమున ఈ బుడిపెల స్థానము ప్రాచీనమైనది. కర్కటశృంగి ఒకజాతి పిస్తాచెట్టు ఆకులపై పేనుబంక జాతి పురుగు కల్పించు బుడిపె. బోలుగ, వంకరగ, కొమ్మువలె నుండుటచే ఆ పేరు వచ్చినది. చరకుడు కాసహరద్రవ్యములలో శృంగిని చేర్చెను. తుంగముస్తలు, పిప్పళ్లు, అతివస, కర్కటశృంగి అను నాలుగింటి చూర్ణము బాలచాతుర్భద్రమను పేర పసిబిడ్డల జ్వరమునకు, దగ్గునకు, విరేచనములకు ప్రసిద్ధమైనది. చ్యవనప్రాశమునందును కర్కటశృంగి కలదు. కాసము నణచు కొమ్ము పురుగు కట్టించుకొన్న ఇల్లని వైద్యునికి తెలిసినను, తెలియకున్నను, దాని గుణము మాత్రము అతనికి తెలియును.

మాచికాయను సానరాయిమీద అరగదీసి పసిబిడ్డల నాలుకకు తగిలించుట, చిగుళ్లు వదులైనపుడు పండ్లపొడిలో చేర్చుట, గొంతు పూసినపుడు దాని కషాయముతో పుక్కిలించుట దక్షిణదేశపు గృహవైద్యమున కలవు. పారసీకులు దానిని మాజూ అనిరి. హిందీ, వంగభాషలలో మాజుఫలమైనది. సంస్కృత వైద్యులు మాయాఫలమనిరి. మాజూ, మాచి, మాయా యని నోరు మారినకొలది పేరు మారినది. చివరిపేరు మాత్రము అర్థవంతముగ అమరినది. ఫలమువలె కనిపించుచు ఫలము కానిది మాయాఫలమే కదా. బ్రిటిష్ ఔషధసంహితయందు మాచికాయ లేపనమును, దానిలో నల్లమందు చేర్చిన లేపనమును మూలశంకకు విధించిరి. 1925లో డిట్రాయిటు నగరమున డేవిడ్సను అను వైద్యుడు కాలిన గాయములకు టానిక్ ఆమ్లమును పూయు పద్ధతిని ప్రకటించెను. అది ప్రపంచమంతట వ్యాపించెను. కాని 1940 దశకమున, గాయముగుండ లోనికి చేరిన ఆ ద్రవ్యము కాలేయమునకు హాని చేయునని తేలి దానిని విడిచిపెట్టిరి. వగరు పైపైన మేలు చేయును. మోతాదు మీరినచో కీడు చేయును. సానరాయిమీద రెండుమూడు అరుగుదీతలకు మించనీయని పెద్దలకు ఈ మితము అభ్యాసమున తెలిసినది.

ఈ సరకులతోపాటు ఈ పేర్లును ప్రయాణము చేసినవి. తోళ్లను పదును పెట్టుటకు యూరపు, అమెరికాలు కొన్న కరక్కాయలకు వర్తకులు ఊరిపేర్లు పెట్టిరి. వానిలో 'బిమ్లీ' అనునది భీమునిపట్నపు పేరు. ఆ రేవు పేరు తెలియని తోలుపనివారు సముద్రములకు ఆవల ఆ మాటను నిత్యము పలికిరి. ఇటు వంగదేశమునకును తెలుగు పేరు చేరెను. రాక్స్‌బరో 1793లో సామర్లకోటనుండి కలకత్తా వృక్షవాటికకు అధికారియై వెళ్లి 1813 వరకు అచటనే యుండెను. ఆయన మరణానంతరము ఫ్లోరా ఇండికా అను గ్రంథము కలకత్తాకు సమీపముననున్న శ్రీరామపురమున విలియం కేరీ పర్యవేక్షణలో అచ్చైనది. ఆ కేరీయే 1814లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వ్రాసి ప్రకటించినవాడు. తెలుగుదేశపు చెట్లకు తెలుగుపేర్లు వంగదేశపు అచ్చుయంత్రములమీద నిలిచినవి.

పుస్తకములు వెళ్లిన తోవనే శతాబ్ది గడచిన పిదప మనుష్యులును వెళ్లిరి. బెంగాల్-నాగ్‌పూర్ రైలుమార్గము 19వ శతాబ్దపు చివర ఖరగ్‌పూరును కూడలిగ చేయగా, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి వేలకొలది తెలుగు కుటుంబములు ఆ కర్మాగారమునకు, ఆ రైళ్లకు పనివారుగ వెళ్లి స్థిరపడినవి. మేదినీపూరు మండలము చెట్ల రంగులకు కొత్త కాదు. పింగ్లా సమీపమున నయా గ్రామపు పటువాలు ఆకులు, పూవులు, మసి, మారేడుబంకలతో నేటికిని పటములు వ్రాసి పాటలు పాడుచున్నారు. అచట తెలుగు ఇల్లాలు మాచికాయ యన్నది వంగదుకాణమున మాజుఫలము. ఆమె కరక్కాయ యన్నది హరీతకి. సరకు ఒకటియే గనుక బేరము సాగును. ఒక తరము గడచిన తరువాత దుకాణపు పేరు ఇంటిలోనికి వచ్చును, ఇంటిపేరు మరుగుపడును. వలస వెళ్లినవారి భాష ఇట్లు పెట్టెలలోని చిన్న సరకుల పేర్లతో తరుగుట మొదలిడును. ఖరగ్‌పూరు వెలుపల నేడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసియున్నది. అది 1820లో ఆ మండలపు బీర్‌సింహ గ్రామమున జన్మించి, 1855లో వర్ణపరిచయమను పుస్తకముతో వంగబాలురకు అక్షరములు నేర్పిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరు ధరించినది. కర్మాగారముల నేలకు అక్షరములు నేర్పినవాని పేరు పెట్టుట తగియున్నది. పనికిని అక్షరమునకును గల సంబంధమును అది గుర్తుచేయును. రైలుకర్మాగారమున నూరేండ్లకు పైగా శ్రమించిన తెలుగువారు ఇనుపపనికి, కొలిమిపనికి వాడుకొన్న మాటలు ఎన్నియో కలవు. కరక్కాయపువ్వు అను మాటను పోగొట్టుకొనవచ్చినట్లే వానిని కూడ పోగొట్టుకొనవచ్చును.

కృత్రిమ వర్ణములు వచ్చిన తరువాత ఈ మాటలకు గడ్డుకాలము దాపురించినది. 1869లో కృత్రిమ ఎరుపు, 1897లో కృత్రిమ నీలి యూరపు విపణిలో బలపడినవి. చిరువేరు పొలములు, నీలిపొలములు తరిగినవి. బాల్‌పాయింటు కలము వచ్చి సిరాబుడ్డిని తొలగించినది. 1957లో కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోత్సాహమున శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము ఏర్పడకున్నచో కలంకారీ విద్యయే మిగిలియుండెడిది కాదేమో. విద్య మిగిలినది, దాని నిఘంటువు ఇంకను సమగ్రముగ కూడలేదు. పని చేయువాడు ఉన్నంతవరకు మాట ఉండును. పని మానినవాని కుమారునికి మాట మిగులదు.

ఇందుకు మార్గము మనకు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము 1962లో వ్యవసాయ పదములతోను, రెండవది 1971లో చేనేత పదములతోను వెలువడినవి. పండితుడు గ్రామమునకు వెళ్లి పనివానియెదుట కూర్చుండి మాటను వ్రాసికొనుట మన భాషలో శాస్త్రీయముగ జరిగినది అపుడే. ఆ కోశము అర్థమును పర్యాయపదముతో చెప్పి ఊరకొనలేదు. పనిముట్టును వర్ణించెను, ప్రాంతభేదమును చూపెను. అద్దకమునకు, సిరాకు, గృహవైద్యమునకు అట్టి పని కావలెను. కరక్కాయపువ్వు అను పదమునెదుట కరకచెట్టు పూవు అని వ్రాసిన నిఘంటువు మనకు అపకారమే చేయును. కరకచెట్టు లేతాకుమీద పురుగు కల్పించు బోలు బుడిపె, పటికతో పసుపునిచ్చును, ఇనుముతో నలుపునిచ్చును, రుచి వగరు అని వ్రాసినచో, ఒక వాక్యమున ఒక విద్య నిలుచును.

రచయితలమగు మనకు ఇందు మరియొక హెచ్చరిక కలదు. పాతమాటలలోని పొరపాటును చూచి వానిని త్రోసివేయుట నేటి శాస్త్రీయ రచనలో మర్యాదగ మారుచున్నది. పువ్వు కానిదానిని పువ్వనిరి, కాయ కానిదానిని కాయ యనిరి కనుక ఆ పేర్లు అజ్ఞానమని కొందరు తలతురు. ఆ పేర్లు పెట్టినవారు పురుగును చూడకపోయి యుండవచ్చును. కాని ఏ చెట్టుమీద, ఏ ఋతువున, ఎంత ముదిరినపుడు కోయవలెనో, దేనితో కలిపిన ఏ వన్నె పుట్టునో, ఎంత మోతాదులో మందగునో చూచిరి. రూపమును చెప్పిన భాగమున పొరపడినను, పనిని చెప్పిన భాగమున వారు పొరపడలేదు. గాల్ అను ఆంగ్లపదమునకు కొత్తగ ఒక సంస్కృత సమాసమును కల్పించుట సులభము. దాని ప్రక్కన అల్దికాయను, కరక్కాయపువ్వును, మాచికాయను, కర్కటశృంగిని, ఉల్లికోడును కూర్చుండబెట్టుట కష్టము. అనువాదకుని బాధ్యత ఆ కష్టమునందే యున్నది. చెట్టు తన గాయమును వగరుగ మార్చెను. పనివాడు ఆ వగరును వన్నెగను, వ్రాతగను, మందుగను మార్చెను. ఆ పనివాని మాటను పాఠకునికి అందజేయవలసినవారము మనము.